తెరవడం వేరు... నడపడం వేరు!

పొద్దున్నే జహీరాబాద్‌లో బస్సెక్కారు. సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి, సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్‌లో ఒక కంపెనీ గేటు ముందు దిగారు. చేతిలో సర్టిఫికెట్ల ఫైలు. రాతపరీక్ష బాగానే రాశారు. తర్వాత మిమ్మల్ని ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తెర మీద మీకు అలవాటైన విండోస్ లేదు, ఉబుంటు లైనక్స్ ఉంది. ఫోల్డర్‌లో ‘సెటప్ డాట్ ఎస్‌హెచ్’ అని ఒక ఫైలు కనిపిస్తోంది. ‘దీన్ని రన్ చేసి రిజల్ట్ చూపించండి, పది నిమిషాలు’ అన్నారు.

ఇంతేనా అనుకుని డబుల్ క్లిక్ కొట్టారు. ప్రోగ్రామ్ నడవలేదు. నోట్‌ప్యాడ్ లాంటిదేదో తెరుచుకుని, అందులో పది పన్నెండు లైన్ల అక్షరాలు కనిపించాయి. మూసేసి మళ్లీ డబుల్ క్లిక్ చేశారు. మళ్లీ అవే అక్షరాలు. ‘సార్, ఫైల్ ఓపెన్ అయితలేదు’ అన్నారు. ‘ఓపెన్ అయింది కదా, రన్ చేయమన్నాను’ అని జవాబొచ్చింది. పది నిమిషాలు అయిపోయాయి.

ఇది ఊహించి రాసిన సన్నివేశమే. కానీ లైనక్స్ ముందు మొదటిసారి కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇలాంటిదే ఎదురవుతుంది. ఇందులో మీ తెలివికి వచ్చిన లోటేమీ లేదు. ‘ఓపెన్’ అన్నా ‘రన్’ అన్నా ఒకటేనని మనకు చిన్నప్పటి నుంచి అలవాటైపోయింది, చిక్కంతా అక్కడే. విండోస్‌లో పాటకైనా, ఫొటోకైనా, ప్రోగ్రామ్‌కైనా అదే డబుల్ క్లిక్. లైనక్స్ మాత్రం ఈ రెండు పనులనూ వేరుచేసి చూస్తుంది. ఆ తేడా తెలిసినవాడికి పది నిమిషాల పని పది సెకన్లలో అయిపోతుంది. తెలియనివాడికి మూడేళ్ల డిగ్రీ కూడా ఆ పది నిమిషాల్లో అక్కరకు రాదు. అందుకే ఈ వారం ఇంత చిన్న విషయం మీద ఇంత పెద్ద మాట.

విత్తనాల సంచి ఉదాహరణ

మన జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జొన్న, కొర్ర, సజ్జ పండించే ఇళ్ల నుంచి వచ్చినవారికి ఇది చెప్పడం తేలిక. విత్తనాల సంచి విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని చూడటం ఒక పని. వాటిని చేలో చల్లడం ఇంకో పని. చూస్తే పోయేదేమీ లేదు, నచ్చకపోతే మూట కట్టేయొచ్చు. చల్లాక మాత్రం అవి మొలకెత్తుతాయి, మంచివైనా కల్తీవైనా. అందుకే ఏ రైతూ చూడకుండా చల్లడు.

ఫైలును ఓపెన్ చేయడమంటే గింజలు చూడటం. రన్ చేయడమంటే చల్లడం. ఓపెన్ చేసినప్పుడు ఆ ఫైలులోని సమాచారాన్ని వేరే ప్రోగ్రామ్ చదివి మీకు చూపిస్తుంది. రన్ చేసినప్పుడు ఆ ఫైలే ఆదేశాలిస్తుంది, మీ కంప్యూటర్ వాటిని పాటిస్తుంది. కొత్త ఫోల్డర్ పెట్టమంటే పెడుతుంది. మీ ఫైళ్లన్నీ తుడిచేయమన్నా తుడిచేస్తుంది. మీ లాగిన్‌కు ఉన్న అధికారాలన్నీ ఆ ఫైలుకూ దక్కుతాయి.

పేరు చూసి కాదు, అనుమతి చూసి

విండోస్‌లో ఫైలు పేరు చివర ‘డాట్ ఈఎక్స్ఈ’ అని ఉంటే అది నడిచే ప్రోగ్రామ్. అంటే తోకను బట్టి జాతి తేలుతుంది. లైనక్స్‌లో లెక్క వేరు. ప్రతి ఫైలుకూ మూడు రకాల అనుమతులుంటాయి. చదవడం, రాయడం, నడపడం. ఇంగ్లిష్‌లో రీడ్, రైట్, ఎగ్జిక్యూట్. ఈ మూడూ మళ్లీ ముగ్గురికి విడివిడిగా ఉంటాయి. ఫైలు యజమానికి, అతని గ్రూపుకి, మిగతా అందరికి. నడిపే అనుమతి లేకపోతే పేరు చివర ఏమున్నా సరే, ఆ ఫైలును నేరుగా ప్రోగ్రామ్‌గా నడపలేరు.

ఈ అనుమతులను అంకెల్లో రాసే పద్ధతి ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ ఉంటే 7. ఒక ఫైలు అనుమతి 754 అంటే యజమాని అన్నీ చేయొచ్చు, గ్రూపువాళ్లు చదివి నడపొచ్చు, మిగతావాళ్లు చదవడం వరకే. బట్టీ కొట్టాల్సిన పనిలేదు, కూడితే వచ్చేస్తుంది.

మరి డౌన్‌లోడ్ చేసిన స్క్రిప్టు ఎందుకు నడవదు? లైనక్స్‌లో కొత్తగా తయారయ్యే మామూలు ఫైలుకు నడిపే అనుమతి పుట్టుకతో రాదు. సాధారణంగా 644తో పుడుతుంది. కూడి చూడండి, అందులో ఎక్కడా 1 లేదు. అంటే ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలు దానంతటది ప్రోగ్రామ్ కాలేదు. యజమానిగా మీరు ‘సరే, ఇది నడవొచ్చు’ అని చెప్పాలి. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోండి. టార్, జిప్ లాంటి మూటల్లో వచ్చే ఫైళ్లు తమ పాత అనుమతులను వెంట తెచ్చుకోగలవు. మూట విప్పగానే అందులోని ఫైలు నడవడానికి సిద్ధంగా ఉండొచ్చు.

డబుల్ క్లిక్ వెనక ఏం జరుగుతుంది?

మీరు డబుల్ క్లిక్ చేసేది ఫైల్ మేనేజర్‌లో. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో దాని పేరు ఫైల్స్, పాత పేరు నాటిలస్. కేడీఈలో డాల్ఫిన్. లైనక్స్ మింట్ సినమన్‌లో నీమో. ఎక్స్‌ఎఫ్‌సీఈలో థునార్. క్లిక్ పడగానే ఫైల్ మేనేజర్ మొదట ఆ ఫైలు రకమేంటో తేల్చుకుంటుంది. పేరు చూస్తుంది, అవసరమైతే లోపలి మొదటి బైట్లూ చూస్తుంది. తర్వాత నడిపే అనుమతి ఉందా అని చూస్తుంది. లేదంటే ఆ రకానికి కేటాయించిన ప్రోగ్రామ్‌తో తెరుస్తుంది. అందుకే మీ స్క్రిప్టు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరుచుకుంది. అది తప్పు చేయలేదు, మీరు అడిగిందే చేసింది.

అనుమతి ఉంటే మాత్రం ఒక్కో ఫైల్ మేనేజర్ ఒక్కో తీరు. నీమో ఒక చిన్న పెట్టె చూపించి, నడపాలా, టెర్మినల్‌లో నడపాలా, లోపలేముందో చూపించాలా అని అడుగుతుంది. డాల్ఫిన్ కూడా తెరవాలా, నడపాలా అని అడుగుతుంది. కొత్త గ్నోమ్‌లో డబుల్ క్లిక్ చేస్తే స్క్రిప్టు ఎడిటర్‌లోనే తెరుచుకుంటుంది. నడపాలంటే కుడి క్లిక్ చేసి ‘రన్ యాజ్ ఎ ప్రోగ్రామ్’ ఎంచుకోవాలి. థునార్ కూడా సెట్టింగ్ మార్చనిదే షెల్ స్క్రిప్టులను డబుల్ క్లిక్‌తో నడపదు.

అనుమతి ఇవ్వడం కష్టమేమీ కాదు. ఫైలు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, అందులో పర్మిషన్స్. ప్రోగ్రామ్‌గా నడపడానికి అనుమతించే గడి ఒకటి కనిపిస్తుంది. దానికి టిక్ పెట్టడమే. టెర్మినల్‌లో అయితే ‘సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్’ అని కొట్టి ఫైలు పేరు రాయాలి. చేంజ్ మోడ్ అనే మాటకు అది పొట్టి రూపం. తర్వాత చుక్క, స్లాష్ పెట్టి ఫైలు పేరు రాసి ఎంటర్ కొడితే నడుస్తుంది. ఆ చుక్క, స్లాష్ ఎందుకని అడిగితే ఇలా చెప్పండి. ఉత్త పేరు రాస్తే లైనక్స్ తనకు ముందే చెప్పిన కొన్ని ఫోల్డర్లలోనే వెతుకుతుంది. మీరున్న ఫోల్డర్ మామూలుగా ఆ జాబితాలో ఉండదు. చుక్క అంటే ‘ఇక్కడే, ఈ ఫోల్డర్‌లోనే’ అని అర్థం.

ఇంత పట్టుదల ఎందుకు?

‘అన్నా, విండోస్‌లో హాయిగా అయిపోయే పనికి ఇక్కడ ఇన్ని తిప్పలెందుకు?’ అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం 2000 సంవత్సరం మే నెలకు వెళ్లాలి. ఫిలిప్పీన్స్ నుంచి ‘ఐ లవ్ యూ’ అనే శీర్షికతో ఒక ఈమెయిల్ ప్రపంచమంతా చుట్టేసింది. దాంతో వచ్చిన ఫైలు పేరు చూస్తే ప్రేమలేఖ, చివర ‘డాట్ టీఎక్స్‌టీ’. అంటే ఉత్త అక్షరాల ఫైలు. నిజానికి దాని వెనక ‘డాట్ వీబీఎస్’ అని ఇంకో తోక ఉంది, అది నడిచే స్క్రిప్టు. తెలిసిన తోకలను దాచిపెట్టడం విండోస్ అలవాటు కాబట్టి చాలామందికి అది కనబడలేదు. లేఖ చదువుదామని డబుల్ క్లిక్ చేశారు. అది చదివించలేదు, నడిచింది. ఫైళ్లను పాడుచేసి, వాళ్ల అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనను తానే పంపుకుంది. తెరుస్తున్నామనుకుని నడపడమంటే ఇదే.

లైనక్స్‌కు ఇలాంటివి తగలవని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడ ‘డాట్ డెస్క్‌టాప్’ అనే రకం ఫైళ్లుంటాయి. అవి షార్ట్‌కట్‌ల లాంటివి. ఏ పేరు చూపించాలో, ఏ బొమ్మ పెట్టాలో, ఏ ఆదేశం నడపాలో ఆ ఫైలే చెబుతుంది. పేరు చివర పీడీఎఫ్ అని, బొమ్మ కూడా పీడీఎఫ్‌దే పెట్టి, లోపల హానికర ఆదేశం రాస్తే? నాటిలస్‌లో సరిగ్గా ఈ లోపమే 2017లో బయటపడింది. సరిచేశారు. ఇప్పుడు అలాంటి ఫైలును నమ్మి అనుమతించాలా అన్నది మీరే తేల్చాలి. 2019 ఆగస్టులో కేడీఈలో ఇంకో లోపం బయటికొచ్చింది. అందులో ఫైలును క్లిక్ చేయాల్సిన పని కూడా లేదు, ఫోల్డర్ తెరిచి చూస్తే చాలు, లోపలి ఆదేశం నడిచే వీలుంది. దాన్నీ వెంటనే సరిచేశారు.

మన దేశంలోనే ఇంకో తాజా ఉదాహరణ ఉంది. సీడ్యాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌ను మన ప్రభుత్వ కార్యాలయాల్లో వాడుతున్నారు. 2025 ఆగస్టులో సైఫర్మా, క్లౌడ్‌సెక్ సంస్థలు ఒక దాడి వివరాలు బయటపెట్టాయి. పాకిస్థాన్‌తో సంబంధం ఉందని పరిశోధకులు చెప్పే ఏపీటీ36 అనే ముఠా మన ప్రభుత్వ లైనక్స్ కంప్యూటర్లను లక్ష్యంగా చేసుకుంది. మెయిల్‌లో జిప్ మూట వచ్చేది. అందులో సమావేశం నోటీసు పీడీఎఫ్‌లా కనిపించే డాట్ డెస్క్‌టాప్ ఫైలు. డబుల్ క్లిక్ చేస్తే అనుమానం రాకుండా నిజంగానే ఒక పీడీఎఫ్ తెరుచుకునేది. వెనకాల మాల్‌వేర్ దిగి పని మొదలుపెట్టేది.

ఈ కథ అధికారులకే సంబంధించింది అనుకుంటున్నారా? ఉద్యోగం వెతుక్కునే మీ మెయిల్‌కు ఏమేం వస్తుంటాయో ఆలోచించండి. ఆఫర్ లెటర్, హాల్ టికెట్, షార్ట్‌లిస్ట్ జాబితా, ట్రైనింగ్ మెటీరియల్. వీటిలో ఏది వచ్చినా ఆత్రంగా తెరిచేస్తారు. మోసగాడు ఎదురుచూసేది ఆ ఆత్రం కోసమే. ఆఫర్ లెటర్ చదవాల్సిన కాగితం. దానికి నడిచే అనుమతితో పనేంటి? ‘దీన్ని నమ్మి నడపాలా’ అని తెర మీద అడిగిందంటే అది కాగితం కాదని అర్థం. ఈ ఒక్క ప్రశ్న మీకు అలవాటైతే విండోస్‌లోనైనా, ఫోన్‌లోనైనా అదే పనికొస్తుంది. వాట్సాప్‌లో వచ్చే ‘ఏపీకే’ ఫైళ్ల సంగతీ ఇంతే.

లైనక్స్ వైపూ తప్పుంది

ఒకవైపే మాట్లాడితే న్యాయం కాదు. ఈ విషయంలో లైనక్స్ డెస్క్‌టాప్‌లు కొత్తవాళ్లను ఇబ్బంది పెడుతున్న మాట నిజం. ఒకే పనికి నాలుగు ఫైల్ మేనేజర్లలో నాలుగు పద్ధతులు. ఒక వెర్షన్‌లో ఉన్న సెట్టింగ్ ఇంకో వెర్షన్‌లో మాయం. సీ ప్రోగ్రామ్ రాసి, కంపైల్ చేసి, వచ్చిన ఫైలును డబుల్ క్లిక్ చేస్తే కొన్ని వెర్షన్లలో ‘షేర్డ్ లైబ్రరీ ఫైళ్లు తెరిచే అప్లికేషన్ లేదు’ అని వచ్చేది. భద్రత కోసం కంపైలర్ పద్ధతి మారింది, ఫైల్ మేనేజర్ దాన్ని గుర్తుపట్టలేకపోయింది. ప్రోగ్రామ్ బాగానే ఉన్నా, సొంత కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చునే పరిస్థితి. ‘ఈ ఫైలుకు నడిపే అనుమతి లేదు, ఇవ్వాలా?’ అని ఒక్క వాక్యం చూపిస్తే ఎంత బాగుండేది!

అయినా మన మాట ఒకటే. అడగడం తప్పు కాదు, అర్థమయ్యేలా అడగకపోవడం తప్పు. ఆ లోపం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దిద్దుకుంటారు. అది దిద్దుకునేదాకా మనం ఆగలేం. కంప్యూటర్ అడిగిన ప్రతిదానికీ ‘ఎస్’ కొట్టడం, లేదా దొరికిన ప్రతి ఫైలుకూ 777 ఇచ్చేయడం పరిష్కారం కాదు. 777 అంటే అందరికీ అన్ని అనుమతులూ. ఇంటర్వ్యూలో ‘పనిచేయకపోతే 777 ఇస్తాను’ అంటే, తాళం పడటం లేదని తలుపు ఊడదీశానని చెప్పినట్టే.

అనుమతి ఇచ్చినా నడవకపోతే?

అసలు నేర్చుకోవడం ఇక్కడే మొదలవుతుంది. కారణాలు ఎక్కువేమీ ఉండవు.

ఒకటి, విండోస్‌లో రాసి తెచ్చిన స్క్రిప్టు. విండోస్ ఎడిటర్లు లైను చివర సాధారణంగా రెండు గుర్తులు పెడతాయి, లైనక్స్ ఒక్కటే పెడుతుంది. కంటికి కనిపించని ఆ రెండో గుర్తు వల్ల ‘బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్’ అనే లోపం వస్తుంది. డాస్ టు యునిక్స్ అనే చిన్న ప్రోగ్రామ్ దాన్ని సరిచేస్తుంది.

రెండు, మొదటి లైను. స్క్రిప్టు మొదట్లో హ్యాష్, ఆశ్చర్యార్థకం గుర్తులు పెట్టి, దాన్ని ఏ ప్రోగ్రామ్ చదవాలో రాస్తారు. దాన్నే షెబాంగ్ అంటారు. పైథాన్ స్క్రిప్టులో ఆ లైను మరచిపోతే, అది పైథాన్ కోడ్ అని లైనక్స్‌కు తెలియదు.

మూడు, పెన్‌డ్రైవ్. ల్యాబ్ నుంచి తెచ్చిన ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ అనుమతులు దాచే చోటు లేదు. అక్కడ టిక్ పెట్టినా నిలవదు. ఫైలును మీ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, అక్కడ అనుమతి ఇవ్వండి.

నాలుగు, నడిచింది కానీ ఏమీ కనబడలేదు. ఫలితాన్ని టెర్మినల్‌లో ముద్రించే ప్రోగ్రామ్‌ను టెర్మినల్ లేకుండా నడిపితే, అది తన పని చేసుకుని వెళ్లిపోతుంది. మీకు ఏమీ జరగనట్టే ఉంటుంది. ‘రన్ ఇన్ టెర్మినల్’ ఎంచుకుంటే కనిపిస్తుంది. పని అయిన మరుక్షణం కిటికీ మూసుకుపోతే ముందే టెర్మినల్ తెరిచి అందులో నడపండి.

అయిదు, ‘ఫైలు దొరకలేదు’ అనడం. స్క్రిప్టు పక్కనే ‘డేటా’ అనే ఫైలుంది, అయినా లేదంటోంది. డబుల్ క్లిక్‌తో నడిపినప్పుడు ప్రోగ్రామ్ ఏ ఫోల్డర్‌లో నిలబడి చూస్తోందో మీరనుకున్నది కాకపోవచ్చు. ఆ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి నడిపితే తేడా తెలుస్తుంది.

ఈ అయిదూ ఒక్కసారి మీ చేతులతో చేసి చూస్తే చాలు. ఎర్రర్ మెసేజ్ చూడగానే మూసేసే అలవాటు పోయి, చదివే అలవాటు వస్తుంది. కంపెనీలు కొత్తవాళ్లలో వెతికేది ఆ అలవాటునే.

ఉద్యోగానికి దీనితో పనేంటి?

మీరు చేతిలో పట్టుకున్న ఆండ్రాయిడ్ ఫోన్ గుండె లైనక్స్ కెర్నల్. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి ఉన్నవన్నీ లైనక్స్‌వే. క్లౌడ్ సర్వర్లలో ఎక్కువ భాగం దాని మీదే నడుస్తోంది. ఆ సర్వర్లలో చాలావాటికి మౌస్ ఉండదు, ఫైల్ మేనేజర్ ఉండదు, డబుల్ క్లిక్ అనే మాటే ఉండదు. కానీ అనుమతులు ఉంటాయి, షెబాంగ్ ఉంటుంది, దారి తప్పిన స్క్రిప్టులు ఉంటాయి. డెస్క్‌టాప్‌లో డబుల్ క్లిక్ ఎందుకు పనిచేయలేదో అర్థం చేసుకున్నవారు సర్వర్ ముందు సగం దారి నడిచేసినట్టే.

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, క్లౌడ్ సపోర్ట్, డెవాప్స్, టెస్టింగ్, సైబర్ సెక్యూరిటీ... ఈ ఉద్యోగాల్లో దేనికి వెళ్లినా మొదటి మెట్టు ఇదే. రెడ్ హ్యాట్ సంస్థ ఇచ్చే ఆర్‌హెచ్‌సీఎస్ఏ సర్టిఫికెట్ పరీక్షలో ఏ, బీ, సీ, డీ ఆప్షన్లుండవు. నిజమైన సిస్టమ్ ఇచ్చి పనులు చేసి చూపించమంటారు. అక్కడ గైడు పుస్తకం బట్టీ పట్టినవారు ఆగిపోతారు, చేతులతో చేసినవారు గట్టెక్కుతారు.

మన ఊరి సంగతీ చూడండి. మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు మన దగ్గరే ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాల్లో జహీరాబాద్ ఒకటి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో రేపు వచ్చే ఫ్యాక్టరీల్లో మనవాళ్లకు గేటు దగ్గర ఉద్యోగాలేనా, కంట్రోల్ రూమ్‌లోనూ దొరుకుతాయా అన్నది మనం ఇప్పుడేం నేర్చుకుంటామనే దాని మీద ఉంటుంది. భూములిచ్చిన ఊళ్ల పిల్లలు ఆ ఊళ్లలోనే బయటివాళ్లుగా మిగిలిపోకూడదు.

‘మాకు ఇంగ్లిష్ రాదు, మా ఊళ్లో నేర్పేవాళ్లు లేరు’ అనేవారికి ఒక మాట. ఝరాసంగం మండలం మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. రికార్డింగ్ నుంచి ప్రసారం దాకా అక్కడి పల్లె మహిళలే చూసుకుంటున్నారు. ఆ మిషన్లు వాళ్లకూ ఒకప్పుడు కొత్తవే. ముట్టుకుని, తప్పులు చేసి, మళ్లీ చేసి నేర్చుకున్నారు. డిగ్రీ చదివే మనం ఒక టిక్ పెట్టడానికి జంకితే ఎలా?

ఈ వారం రోజులూ...

ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు. పాత ల్యాప్‌టాప్ ఉంటే లైనక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. విండోస్ తీసేయడం ఇష్టం లేకపోతే వర్చువల్ బాక్స్‌లో పెట్టుకోండి. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లైనక్స్ పాఠాలు ఉచితంగా, తెలుగులోనూ దొరుకుతాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ లైనక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్లుగా కృషిచేస్తోంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థుల బృందాలనూ నడిపింది. మీ కాలేజీలో అలాంటి బృందం లేకపోతే నలుగురు స్నేహితులు చాలు, మీరే మొదలుపెట్టండి.

మొదటి రోజు రెండు లైన్ల స్క్రిప్టు రాసి డబుల్ క్లిక్ చేయండి. నడవదు. ఎందుకో నోట్‌బుక్‌లో మీ మాటల్లో రాయండి. రెండో రోజు అనుమతి ఇచ్చి మళ్లీ చేయండి. మూడో రోజు అదే ఫైలు పేరు మార్చి, తోక తీసేసి చూడండి. టెర్మినల్ నుంచి అప్పుడూ నడుస్తుంది. నాలుగో రోజు మొదటి లైను తీసేసి చూడండి. అయిదో రోజు పెన్‌డ్రైవ్ నుంచి ప్రయత్నించండి. ఆరో రోజు ఇదంతా టెర్మినల్‌లోనే చేయండి. ఏడో రోజు మీ చెల్లికో తమ్ముడికో చెప్పండి. వాళ్లకు అర్థమైతే మీకు వచ్చినట్టే. ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టు కాకుండా ఇంకేం చేశావు?’ అని అడిగితే, ఈ ఏడు రోజుల నోట్‌బుక్కే మంచి జవాబు.

అధ్యాపకులకూ ఒక విన్నపం. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ రికార్డులో పద్దెనిమిది ప్రోగ్రాములు అందంగా రాయించడం కన్నా, ఒక్క ఫైలు ఎందుకు నడవలేదో పిల్లలతో కనిపెట్టించడం మేలు. ల్యాబ్‌లో అన్ని సిస్టమ్‌లలోనూ కాకపోయినా నాలుగింటిలో లైనక్స్ వేయించండి. దానికి లైసెన్సు డబ్బులు కట్టక్కర్లేదు.

ఇప్పుడు మళ్లీ ఆ హైదరాబాద్ కంపెనీ గదిలోకి వెళ్దాం. అదే ఉబుంటు, అదే ‘సెటప్ డాట్ ఎస్‌హెచ్’, అవే పది నిమిషాలు. ఈసారి మీరు డబుల్ క్లిక్ చేస్తే ఫైలు ఎడిటర్‌లో తెరుచుకుంది. కంగారు పడలేదు. ‘మంచిదే, నడిపే ముందు లోపలేముందో చూస్తాను సార్’ అన్నారు. పన్నెండు లైన్లూ చదివారు. అనుమానించాల్సిందేమీ లేదు. అనుమతి ఇచ్చారు, టెర్మినల్‌లో నడిపారు, ఫలితం చూపించారు. ఎదురుగా కూర్చున్నాయన మీ సర్టిఫికెట్ల ఫైలు పక్కన పెట్టి, ‘ముందు చదివి ఎందుకు నడిపారు?’ అని అడుగుతారు. అక్కడి నుంచి అసలు ఇంటర్వ్యూ మొదలవుతుంది. జవాబు మీ దగ్గర ఉంది.